గీతల లిపి - దానిని చదువు వెలుగు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో ఒక చిన్న లిపి చరిత్రను చదువరుల ముందుంచదలచితిని. ఈ లిపిని మనలో నెవ్వరును చదువలేరు. అయినను అది మన యిండ్లలోనే యున్నది. సబ్బుబిళ్ల కాగితముపైన, టీపొడి పొట్లముపైన, బిస్కత్తుల పొట్లముపైన, ఇటీవల అచ్చయిన పుస్తకముల వెనుక అట్టపైన, తెల్లని చదరములో బారుగా నిలిచిన నల్లని గీతలే ఆ లిపి. గీతలలో కొన్ని సన్ననివి, కొన్ని లావైనవి. వాని నడుమనున్న తెల్లని సందులును అట్లే కొన్ని ఇరుకు, కొన్ని వెడల్పు. దీనినే బార్‌కోడు అందురు. పట్టణములలోని పెద్ద దుకాణములందు గుమాస్తా వస్తువును ఒక గాజుపలకపై నడిపించినంతనే చిన్న చప్పుడగుటయు, వస్తువు పేరును వెలయును తెరపై కనబడుటయు మనలో ననేకులు చూచియే యుందురు.

ఆ గాజు క్రిందనుండి వచ్చు ఎర్రని వెలుగు గీతల నెట్లు చదువును? గీతలలో నేమి వ్రాసియుండును? ఏమి వ్రాసియుండదు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట వేడుకకు మాత్రమే కాదు. కొనువారికిని, పుస్తకముల కాపాడువారికిని దానివలన ప్రయోజన మున్నది. మన యుత్సవమునకు తగిన విశేష మొకటికూడ ఈ కథలో కలదు. ఈ లిపి పుట్టిన నాటినుండి దుకాణమున మొదటిసారి చదువబడిన నాటివరకు ఇంచుమించు ఇరువదియైదేండ్లు గడచినవి. లిపి సిద్ధముగనే యుండెను. దానిని చదువుటకు తగిన దీపము లోకమున లేకుండెను.

ఇసుకపై నాలుగు గీతలు

1948వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందలి డ్రెక్సెల్ సాంకేతిక విద్యాసంస్థలో బెర్నార్డ్ సిల్వర్ అను యువకుడు పైచదువు చదువుచుండెను. ఒకనాడు ఆహారవస్తువుల దుకాణములను నడుపు సంస్థ యధిపతి యొకడు అచ్చటికి వచ్చి, విద్యాలయపు పెద్దలలో నొకరిని ఒక కోరిక కోరెను. సొమ్ము చెల్లించుచోట వస్తువు వివరము దానంతటదియే తెలియునట్టి ఉపాయమును పరిశోధించి కనిపెట్టవలెనని యాతని కోరిక. ఆ కాలమున గుమాస్తా ప్రతివస్తువుపై అంటించిన వెలను చూచి, యంత్రపు మీటలు నొక్కి లెక్క కట్టవలసియుండెను. ఏ సరుకు ఎంత మిగిలినదో తెలియవలెనన్న మనుష్యులే అరలముందు నిలిచి లెక్కింపవలసియుండెను. విద్యాలయపు పెద్ద ఆ పనిని చేపట్టుట కంగీకరింపలేదు. కాని ఆ సంభాషణము సిల్వర్ చెవిని బడెను. అతడు దానిని తన మిత్రుడగు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్‌తో చెప్పెను.

మిత్రులిద్దరును మొదట అతినీలలోహిత కాంతిలో మెరయు సిరాతో ప్రయత్నించిరి. ఆ సిరా ఖరీదైనది, పైగా వెలిసిపోవుచుండెను. అయినను వుడ్‌లాండ్ పట్టు విడువలేదు. విద్యాలయమును విడిచి, సముద్రతీరమందలి మయామి నగరమున తన తాతగారి యింటికి బోయి ఆ చింతనలోనే యుండెను. అతడు బాలుడుగా స్కౌటు దళమున నున్నపుడు మోర్స్ సంకేతములు నేర్చియుండెను. పూర్వము తంతి కార్యాలయములందు చుక్కలతోను అడ్డగీతలతోను వార్తలను పంపుటకు వాడినవి ఆ సంకేతములే. ఒకనాడు సముద్రపు టొడ్డున కూర్చుండి, చుక్కలను గీతలను తలచుకొనుచు, నాలుగు వ్రేళ్లను ఇసుకలో గ్రుచ్చి తనవైపు లాగికొనెను. ఇసుకపై నాలుగు చారలు పడెను. చుక్కలకు అడ్డగీతలకు బదులుగా సన్నని గీతలను లావు గీతలను వాడరాదా యను ఊహ అప్పుడాతనికి తట్టెను. ఇది 1949వ సంవత్సరపు తొలిదినములనాటి మాట.

గీతలను గీయుట సులువు. వానిని యంత్రముచే చదివించుట యెట్లు? దీనికి టాకీ సినిమా మార్గము చూపెను. మన యూళ్లకు డేరాలతో వచ్చిన టూరింగు టాకీసులను పెద్దలు మరచియుండరు. ఆ ఫిల్ము అంచున పాటలును మాటలును నలుపు తెలుపు చారలుగా ముద్రింపబడియుండెడివి. దీపపు వెలుగు ఆ చారలగుండ సాగిపోవునపుడు ఒకచో నెక్కువగను ఒకచో తక్కువగను ప్రసరించును. ఆ హెచ్చుతగ్గులను ఒక సాధనము విద్యుత్తుగా మార్చును; విద్యుత్తు ధ్వనిగా మారును. ఆ యుపాయమునే మిత్రులు కాగితముపై గీతలకు అన్వయించిరి. వస్తువును ఏవైపునుండి చూపినను చదువబడుటకై గీతలను వలయములుగా, విలుకాని గురిపలకవలె, గీయవచ్చునని కూడ ఆలోచించిరి. 1949 అక్టోబరు 20వ తేదీన పేటెంటుకు దరఖాస్తు పెట్టుకొనిరి. 1952 అక్టోబరు 7వ తేదీన అది మంజూరయ్యెను.

దీపము కొరకు నిరీక్షణము

వారు నిర్మించిన యంత్రము వ్రాతబల్ల యంత పెద్దది. అందులో 500 వాట్ల విద్యుద్దీపమును, కాంతిని విద్యుత్తుగా మార్చు ఒక గాజుగొట్టమును అమర్చిరి. బయటి వెలుగు చొరకుండుటకై దానిపై నల్లని గుడ్డను కప్పవలసివచ్చెను. యంత్రము పనిచేసెను. కాని ఆ దీపపు వేడికి గీతలున్న కాగితమే పొగలు గ్రక్కెను. అంత గొప్ప దీపమైనను వెలుగును నాలుగుదిక్కులకు వెదజల్లునేకాని ఒక సన్నని గీతపై నిలువదు. చదివిన సంఖ్యను బట్టి క్షణములో వెలను వెదకి యిచ్చుటకు చౌకయైన గణనయంత్రమును ఆనాడు లేదు. సరియైన యూహ సరియైన కాలమునకు ముందే పుట్టినది.

1962వ సంవత్సరమున ఆ పేటెంటు 15,000 డాలర్లకు ఫిల్కో అను సంస్థకు అమ్ముడుపోయెను. పిమ్మట అది ఆర్.సి.ఎ. సంస్థ చేతికి వచ్చెను. 1963లో సిల్వర్ ముప్పదియెనిమిదేండ్ల ప్రాయముననే మరణించెను. 1969తో పేటెంటు కాలము ముగిసెను. కోట్లకొలది వస్తువులపై ముద్రింపబడుటకు ముందే ఆ యూహపై హక్కు తీరిపోయినది.

ఇంతలో దీపము పుట్టెను. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనశాలలో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీతో మొట్టమొదటి లేసరును వెలిగించెను. అదే సంవత్సరము డిసెంబరులో బెల్ పరిశోధనశాలలో అలీ జవాన్ మున్నగువారు హీలియము, నియాన్ వాయువుల మిశ్రమముతో ఎడతెగక వెలుగు లేసరును సాధించిరి. దాని వెలుగు కంటికి కనబడనిది. 1962లో ఆ వాయువులతోనే కంటికి కనబడు ఎర్రని లేసరు సిద్ధమయ్యెను.

మామూలు దీపమునకు లేసరునకు గల భేదము నిట్లు చెప్పవచ్చును. మామూలు దీపము తిరునాళ్లకు వచ్చిన జనమువంటిది. అన్ని రంగుల వెలుగులును కలిసి అన్ని దిక్కులకు పోవును. లేసరు కవాతు చేయు సైనికుల వరుసవంటిది. ఒకే రంగు, ఒకే దిక్కు, ఒకే అడుగు. అందువలననే అది సన్నని కిరణముగా సాగి, గీతకంటె చిన్నదైన చుక్కగా కాగితముపై నిలువగలదు. దుకాణములందలి స్కానర్లకు వాటులో వేయవవంతు మాత్రపు శక్తి చాలును. కాగితము కాలదు, పొగ రాదు. అయినను అట్టి కిరణమువైపు కన్నులు నిలిపి చూడరాదని పిల్లలకు చెప్పుట మంచిది.

లేసరునకు ముందుకూడ గీతలను వాడుకలోనికి తేవలెనని ఒక గట్టి ప్రయత్నము జరిగెను. డేవిడ్ కాలిన్స్ అను ఇంజనీరు సిల్వేనియా సంస్థలో పనిచేయుచు రైలుపెట్టెలపై రంగుపట్టీలను అంటించి, బండి సాగిపోవుచుండగనే వానిని మామూలు దీపపు వెలుగుతో చదువు ఏర్పాటు చేసెను. 1967లో అమెరికా రైల్వేల సంఘము దానిని ప్రమాణముగా స్వీకరించెను. కాని పట్టీలపై మన్ను పేరుకొనుటచేత తప్పులు మిక్కుటమై, పది సంవత్సరములలో ఆ పద్ధతి మూలబడినది. కాలిన్స్ మాత్రము వేరుగా ఒక సంస్థను స్థాపించి, నలుపు తెలుపు గీతలను లేసరుతో చదువు సాధనములను చేయించి 1969లో కర్మాగారమునందును గిడ్డంగియందును నెలకొల్పెను.

వెలుగు చదువు విధానము

ఇక అసలు విషయమునకు వత్తము. చెట్లు వరుసగానున్న బాటపై ఎండవేళ బండిలో పోవునపుడు మన మొగముపై నీడయు ఎండయు మారిమారి పడును. కన్నులు మూసికొనినను ఏ మాను లావో, ఏ సందు వెడల్పో మనము చెప్పగలము. నీడ యెంతసేపు నిలిచెనో, ఎండ యెంతసేపు తగిలెనో దానిని బట్టి తెలియును. స్కానరు చేయు పనియు నిదియే. అది గీతలను బొమ్మగా చూడదు. కాలమును లెక్కించును.

స్కానరులో లేసరు కిరణము గిరగిర తిరుగు అద్దములపైననో, ఊగులాడు ఒక చిన్న అద్దముపైననో పడును. అద్దము కదలుటచేత ఎర్రని చుక్క గీతలమీదుగా ఒక కొననుండి మరియొక కొనకు పరుగెత్తును. ఆ పరుగు మిక్కిలి వేగవంతమగుటచేత మన కంటికి చుక్కకు బదులు ఎర్రని గీత కనబడును. చుక్క తెల్లని సందుపై పడినపుడు వెలుగు వెనుకకు చిమ్మును. నల్లని గీతపై పడినపుడు సిరా దానిని మ్రింగివేయును. వెనుకకు వచ్చిన వెలుగును ఫోటోడయోడు అను సాధనము పట్టి విద్యుత్తుగా మార్చును. వెలుగు పెరిగిన విద్యుత్తు పెరుగును, తగ్గిన తగ్గును. యంత్రములోని గడియారము ఒక్కొక్క హెచ్చు ఎంతసేపు, ఒక్కొక్క తగ్గు ఎంతసేపు అని కొలిచి వరుసగా అంకెలను వ్రాసికొనును.

ఇచ్చట నొక చిక్కు కలదు. పొట్లము దగ్గరగానున్న చుక్క నెమ్మదిగాను, దూరముగానున్న వేగముగాను గీతలను దాటును. గుమాస్తా చేయి కదలినను లెక్క మారును. కావున యంత్రము కాలమును ఉన్నదున్నట్లు నమ్మదు. ఒక గీతకును దాని ప్రక్క గీతకును గల నిష్పత్తిని మాత్రము చూచును. తూకమునకు రాయి యున్నట్లు, ప్రతి బార్‌కోడు మొదటను చివరను కావలిగీతలు కలవు. సన్నని దానికి కొలత యెంతయో అవియే చెప్పును. ఆ గీతలకు ఇరువైపుల కొంత తెల్లని ఖాళీ విడిచియుండును. దానిని అలంకారమని తలపరాదు. గీతలెచ్చట మొదలగునో తెలియుట కది గట్టువంటిది. ఆ ఖాళీలో వ్రాసినను, రంగులద్దినను చదువుట కడ్డుపడును.

మరియొక విచిత్రము. ఎర్రని వెలుగులో ఎర్రసిరా తెల్లకాగితమువలె కనబడును. అందుచే తెల్లని పొట్లముపై ఎర్రగీతలను అచ్చొత్తించిన మన కంటికవి ముచ్చటగా తోచినను స్కానరునకు వట్టి కాగితమే. ఎర్రని పొట్లముపై నల్లగీతలైనచో చక్కగా చదువగలదు.

దుకాణపు సంకేతము

1970 ప్రాంతమున అమెరికాలోని ఆహారవస్తువుల వర్తకులును ఉత్పత్తిదారులును కూడి, అందరికిని ఒకే సంకేతముండవలెనని నిశ్చయించి ఒక సంఘముగా నేర్పడిరి. ఆర్.సి.ఎ. సంస్థ వలయములనే ముందుకు తెచ్చి, 1972 జూలైలో సిన్సినాటి నగరమందలి ఒక దుకాణమున పరీక్షించెను. కాని అచ్చుయంత్రమున కాగితము పరుగెత్తునపుడు సిరా ఆ దిక్కునకు కొంచెము సాగును. వలయమందు ఆ సాగుదల కొలతలను పాడుచేయును. నిటారుగీతలను కాగితము సాగు దిక్కుననే అచ్చొత్తినచో, సిరా సాగినను గీత పొడవు పెరుగునేకాని వెడల్పు మారదు. ఐ.బి.ఎం. సంస్థలోని జార్జి లారర్ ఈ సూక్ష్మమును గ్రహించి నిటారుగీతల సంకేతమును నిర్మించెను. ఇసుకపై గీతలు గీసిన వుడ్‌లాండ్ కూడ అప్పటికి ఆ సంస్థలోనే యుండి ఆ పనికి తోడ్పడెను. 1973 ఏప్రిల్ 3వ తేదీన సంఘమువారు ఆ సంకేతమును ఎన్నుకొనిరి. అదియే యు.పి.సి.

యు.పి.సి.లో 12 అంకెలు కలవు. దాని వెడల్పును 95 సమానభాగములుగా నెంచవలెను. ఒక్కొక్క అంకెకు 7 భాగములు. అందులో రెండు నల్లగీతలు, రెండు తెల్లసందులు. ఎడమ సగమున సున్న యిట్లుండును: తెలుపు 3, నలుపు 2, తెలుపు 1, నలుపు 1. కుడి సగమున అదే సున్న తలక్రిందులుగా నుండును: నలుపు 3, తెలుపు 2, నలుపు 1, తెలుపు 1. ఎడమ అంకెలలో నల్లభాగముల మొత్తము బేసి. కుడి అంకెలలో సరి. కావున పొట్లమును తలక్రిందులుగా చూపినను, మొదట సరిసంఖ్యలు వచ్చుటచేత యంత్రము సంగతి గ్రహించి అంకెలను త్రిప్పి చదివికొనును. రెండు సగములను వేర్వేరుగా చదివి కలుపుకొనవచ్చును. ప్రతి సగమును వెడల్పుకంటె ఎత్తుగా నుండుటచేత, గాజుక్రింద ఒకదాని నొకటి ఖండించు కిరణరేఖలలో ఏదో యొకటి దానిని సాంతముగా దాటును. వలయముల వలన సాధింపదలచిన సౌకర్యము ఇట్లు నిటారుగీతలకే సమకూడినది.

చివరి అంకె కావలివాడు. మన దేశపు వస్తువులపై సాధారణముగా కనబడు 13 అంకెల సంకేతమును ఉదాహరణముగా తీసికొందము. మొదటి 12 అంకెలు 8, 9, 0, 1, 2, 3, 4, 5, 6, 7, 8, 7 అనుకొనుడు. వీనిని వరుసగా 1తో, 3తో, మరల 1తో, 3తో గుణించి కూడిన 124 వచ్చును. దానిపై పదులసంఖ్యయగు 130కి 6 కావలెను. కావున పదమూడవ అంకె 6. చదువునపుడు 2ను 3గా పొరపడినచో మొత్తము 125 అగును. చివర 5 ఉండవలెను, కాని ఉన్నది 6. తప్పు బయటపడెను. యంత్రము మిన్నకుండును, గుమాస్తా వస్తువును మరల చూపవలెను. తప్పు చదువుటకంటె చదువకుండుట మేలని ఆ యంత్రమునకు నేర్పిరి.

1974 జూన్ 26వ తేదీన ఓహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణములో మార్ష్ వారి దుకాణమున, నమలు బంకబిళ్లల పొట్లమొకటి గాజుపలకమీదుగా సాగెను. లేసరు దానిని చదివెను. వెల 67 సెంట్లని యంత్రము చూపెను. యు.పి.సి.తో జరిగిన మొదటి విక్రయ మదియే. ఇసుకపై గీతలు పడి ఇరువదియైదేండ్లు దాటినవి. సిల్వర్ చనిపోయి పదునొకండేండ్లు. వుడ్‌లాండ్ మాత్రము చాలకాలము జీవించి, 1992లో అమెరికా జాతీయ సాంకేతిక పతకమును పొంది, 2012లో మరణించెను. లారర్ 2019లో కన్నుమూసెను.

గీతల జాతులు

అన్ని బార్‌కోడులును ఒకే జాతివి కావు. లిపులలో తెలుగు, నాగరి, తమిళము మున్నగు భేదములున్నట్లు వీనిలోను కలవు. స్కానరు మొదట కావలిగీతలను చూచి ఏ జాతియో గుర్తించి, ఆ పద్ధతిని చదువును.

రెండే వెడల్పులు గల జాతి యొకటి. సన్నము, లావు, అంతే. డేవిడ్ ఆలే మున్నగువారు 1974లో రూపొందించిన కోడ్ 39 ఈ జాతిలోనిది. ఇందు ఒక్కొక్క గుర్తునకు ఐదు గీతలు, నాలుగు సందులు, మొత్తము తొమ్మిది. వానిలో మూడు లావైనవి. అంకెలేకాక ఇంగ్లీషు అక్షరములనుకూడ ఇందులో వ్రాయవచ్చును. ముద్రణము కొంచెము ముతకగానున్నను చదువబడుట దీని గుణము; చోటెక్కువ పట్టుట దోషము. రెండంకెలను కలనేతగా అల్లిన సంకేతము మరియొకటి. మొదటి అంకె గీతలలోను, రెండవ అంకె ఆ గీతల నడుమ సందులలోను ఇమిడియుండును. అట్టపెట్టెలపై ఇది కనబడును.

నాలుగు వెడల్పులు గల జాతి యింకొకటి. యు.పి.సి.యు, దానినుండి పెరిగిన 13 అంకెల సంకేతమును ఇందులోనివి. ఈ 13 అంకెలలో మొదటి అంకెకు వేరుగా గీతలు లేవు. ఎడమనున్న ఆరంకెలను బేసిగా వ్రాయుటయా, సరిగా వ్రాయుటయా యను వరుసలోనే అది దాగియుండును. 1981లో వచ్చిన కోడ్ 128 కూడ నాలుగు వెడల్పులదే. తక్కువ చోట ఎక్కువ వ్రాయుటకు ఇది వాడబడును.

1991లో వచ్చిన పి.డి.ఎఫ్. 417 అను సంకేతమున గీతలవరుసలు గోడయిటుకలవలె ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. లేసరు దానిని పైనుండి క్రిందికి వరుస వెంబడి వరుసగా దువ్వి చదువును. ఇక 1994లో జపాను దేశపు డెన్సో సంస్థలో మసాహిరో హారా మున్నగువారు నిర్మించిన క్యూ.ఆర్. సంకేతము వేరు. టీ అంగళ్లలోకూడ సొమ్ము చెల్లించుటకు గోడకు తగిలించిన చుక్కల చదరము అదియే. ఒకే రేఖగా పరుగెత్తు లేసరు చుక్క దానిని చదువలేదు. మొత్తము చదరమును ఒక్కమారుగా చూచు కెమెరా కావలెను. చేతిఫోనులలోని కెమెరా నేడు పాత గీతలనుకూడ చదువుచున్నది. కావున పలుచోట్ల లేసరు పని కెమెరాకు సంక్రమించుచున్నది.

గీతలు చెప్పని సంగతి

పై చరిత్రలో చదువరులు గమనింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. దుకాణపు గీతలలో వస్తువు పేరు లేదు, వెల లేదు, నాణ్యము లేదు. ఉన్నది సంఖ్య మాత్రమే. వెల దుకాణపు గణనయంత్రములోని పట్టికలో నుండును. యంత్రము సంఖ్యను నిర్దుష్టముగా చదివినను, పట్టికలో వెల తప్పుగా నెక్కించియున్నచో మనము తప్పువెలయే చెల్లింతుము. అందుకే పొట్లముపై అచ్చయిన గరిష్ఠ చిల్లర ధరను చూచి చీటీతో సరిచూచుకొనుట కొనువాని కర్తవ్యము.

ఈ భయము అమెరికా ప్రజలకును కలిగెను. ఇక ప్రతివస్తువుపైన వెల అంటింపనక్కరలేదని వర్తకులు సంతోషింపగా, మాకు తెలియని లిపిలో వెల దాచుట యెట్లని కొనువారు అడ్డుచెప్పిరి. వెల లంటించు పని పోవునని దుకాణముల కార్మికులును ఆందోళన చేసిరి. మిషిగన్ రాష్ట్రమున 1976లో, ప్రతివస్తువుపైనను మనుష్యులు చదువదగిన వెల యుండవలెనని చట్టమే చేసిరి. 2011లో దానిని మార్చువరకు అది అమలునందుండెను. యంత్రమునకు తెలిసినది మనుష్యునకును తెలియవలెనని వారు కోరిన కోరిక న్యాయమైనదే. గీతల క్రింద మామూలు అంకెలను అచ్చువేయుట కూడ ఇట్టి మేలునే చేయును. గీత చెరిగినను మనుష్యుడు చదువుకొనవచ్చును.

మరియొక అపోహనుకూడ తొలగింపవలసియున్నది. 890తో మొదలగు సంఖ్యగల వస్తువు తప్పక మన దేశమున తయారైనదని పలువురు నమ్ముదురు. ఆ సంఖ్యను నమోదుచేసినది భారతదేశపు సంస్థ యని మాత్రమే దాని యర్థము. వస్తువు ఎచ్చట తయారైనదో పొట్లముపై అక్షరములలో చదివి తెలిసికొనవలెను.

గ్రంథాలయమున గీతలు

పుస్తకముల వెనుకనున్న గీతలు సాధారణముగా 978తో మొదలగును. అది పుస్తకమునకు లోకమంతట చెల్లు సంఖ్య. 2007 జనవరినుండి ఈ సంఖ్య 13 అంకెలది. 978 తరువాత 81 గాని 93 గాని యున్నచో అది భారతదేశమునకు కేటాయించిన వర్గము. కాని ఒక కూర్పులో అచ్చయిన వేయి ప్రతులకును సంఖ్య యొక్కటే. గ్రంథాలయమునకు అది చాలదు. ఒకే నవల ప్రతులు మూడున్నచో, ఏ ప్రతి ఎవరి యింట నున్నదో తెలియవలెను గదా! అందుచే గ్రంథాలయములు ప్రతి ప్రతికిని వేరు సంఖ్య నిచ్చి, తమ గీతలను తామే అంటించుకొనును. 1972లో వచ్చిన కోడబార్ అను సంకేతమును పలుదేశముల గ్రంథాలయములు ఇందుకు వాడినవి. ఇందులో ఒక్కొక్క అంకెకు నాలుగు గీతలు, మూడు సందులు. అమెరికా గ్రంథాలయముల వాడుకలో 2తో మొదలైనది చందాదారుని కార్డు. 3తో మొదలైనది పుస్తకము. మొదట మనిషిని, పిదప పుస్తకమును లేసరుతో చదివినంతనే పుస్తకము ఆ మనిషి పేర నెక్కును.

యోచించి చూచిన ఇది మనకు క్రొత్త కాదు. పుస్తకము కొన్నదినముననే దానికి సంఖ్య వేసి రిజిష్టరులో నెక్కించుట, ఆ సంఖ్యనే లోపలి పుటపై వ్రాయుట, ఎరువిచ్చునపుడు చందాదారుని పేరుకెదుట ఆ సంఖ్యను వేయుట - ఇవి మన గ్రంథపాలకులు చేతితో చేయుచున్న పనులే. గీతలు చేయునది ఆ సంఖ్యను వేగముగా, పొరపాటు లేక చదువుట మాత్రమే. చదువరుల కాలమును పొదుపు చేయవలెనని రంగనాథన్ పండితుడు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో నొకటిగా చెప్పెను. ఆ సూత్రమునకు ఈ గీతలు మంచి సేవకులు. కాని సేవకులే, యజమానులు కారు.

రిజిష్టరు చెదలుపాలైనచో, లేక అందులో పేరు తప్పుగా వ్రాసినచో, లేసరు చదివిన సంఖ్య మూగది యగును. ఏ యంత్రమును ఆ పుస్తకము పేరును తనంతట చెప్పజాలదు. గ్రంథాలయమునకు స్కానరు లేదని చిన్నబుచ్చుకొన నక్కరలేదు. రిజిష్టరు సరిగా లేకున్న మాత్రము చింతింపవలెను. నేడు చక్కగా వ్రాసిన ప్రతి వరుసయు, రేపు యంత్రము వచ్చిననాడు దానికి ప్రాణమగును. నేడు విడిచిన వరుసను రేపు ఏ వెలుగును చదువదు.

ఇసుకపై గీసిన గీతలు తమ దీపము కొరకు ఇరువదియైదేండ్లు వేచినవి. మన అలమరలలోని గ్రంథములును అట్లే తమ చదువరుల కొరకు వేచియున్నవి. కొన్నిటికి చదువరి వెంటనే దొరకును, కొన్నిటికి ఒక తరము పట్టును. అంతవరకు వానిని భద్రపరచుట, వాని పేళ్లను సరిగా వ్రాసియుంచుట మన వంతు. ఈ ఇరువదియైదేండ్లు ఆ పనిని శ్రద్ధతో చేసినవారికి నమస్కరించుచు, రాబోవు ఇరువదియైదేండ్లును ఈ గ్రంథాలయ దీపము వెలుగుచుండుగాక యని కోరుచున్నాను.